జిట్రేగి గిటారు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేవీలో ఇంజన్ రూములో పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు సంగీతం రాదు. "మరి గిటారు గురించి మీరేం చెబుతారండీ?" అని మా ఆవిడే అడిగింది. వాయించడం గురించి కాదు, పాత గిటారును తెలుసుకోవడం, కాపాడుకోవడం గురించి నాలుగు మాటలు చెబుతాను.

1986లో మా ఓడ సింగపూర్ వెళ్లినప్పుడు నా మెస్‌మేటు ఒక పాత సామాన్ల కొట్టులో మార్టిన్ డి-28 గిటారు కొన్నాడు. డబ్బు చాలక మేం నలుగురం చేబదులిచ్చాం. ఆ పెద్ద పొట్ట ఆకారాన్ని డ్రెడ్‌నాట్ అంటారని తెలిసి మెస్సంతా ఒకటే సంబరం. 1906లో జలప్రవేశం చేసిన బ్రిటిష్ యుద్ధనౌక పేరది. 1916లో వేరే సంస్థ కోసం చేసిన ఆ నమూనాను మార్టిన్‌వాళ్లు 1931 నుంచి సొంత పేరుతో అమ్మారు.

2009లో మావాడు జబ్బుచేసి పోయాడు. 2012లో చెల్లెమ్మ ఆ గిటారు తెచ్చి, "అన్నయ్యా, పిల్ల ఇంజనీరింగు ఫీజు కట్టాలి. మీరే మంచి ధరకు అమ్మిపెట్టండి" అంది.

బెంగుళూరు నుంచి ఒకాయన వచ్చాడు. వెనక చెక్క నిగనిగ చూసి, అది బ్రెజిల్ రోజ్‌వుడ్ అనుకుని పెద్ద ధర చెప్పాడు. మర్నాడు డబ్బు తెస్తానని వెళ్లాడు. ఇంజన్ రూము అలవాటు కదా, ఆ రాత్రి టార్చిలైటు, చిన్న అద్దం పెట్టి గిటారు లోపల చూశాను. మెడ అతికిన దిమ్మ మీద మోడలు, నంబరు గుద్ది ఉన్నాయి. కంపెనీవారి సంవత్సరాలవారీ పట్టికతో సరిచూస్తే 1971 అని తేలింది. బ్రెజిల్ దుంగల ఎగుమతిని కట్టడి చేయడంతో మార్టిన్‌వాళ్లు 1969లోనే భారతీయ రోజ్‌వుడ్‌కు మారారు. అంటే అది మన జిట్రేగి! మన దేశపు కలప పెన్సిల్వేనియా వెళ్లి, గిటారై తిరిగొచ్చింది.

సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. నేను నోరు మెదపకపోతే ఫీజు గట్టెక్కుతుంది. తెల్లారి చెల్లెమ్మకు చెప్పాను. "ఆయనుంటే ఏం చేసేవారు అన్నయ్యా?" అంది. ఇంకేం మాట్లాడను? కొనేవాడికి ఉన్నమాట చెప్పాను. ఆయన ధర బాగా తగ్గించాడు. చెల్లెమ్మ అమ్మనంది. బ్యాంకులోనుకు నేను హామీ సంతకం పెట్టాను. పిల్ల చదివి, ఉద్యోగంలో చేరి, తనే ఆ లోను తీర్చింది.

మీ ఇళ్లలోనూ పాత గిటారు ఉంటే ఈ మాటలు గుర్తుంచుకోండి. ముందు నంబరు చూడండి, తరవాతే ధర మాట్లాడండి. మనవాళ్లకు దేన్ని చూసినా పాలిష్ పెట్టాలనిపిస్తుంది. దీనికి మాత్రం కొత్త వార్నిష్ వేయించకండి, పాతపూత పోతే విలువా పోతుంది. తీగలు పలక నుంచి బాగా పైకి లేస్తే మెడ కోణం సరిచేయించాలి, అది తెలిసిన పనివాడి పని. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే మంచిది. విశాఖ ఉక్కకు చెక్క ఉబ్బుతుంది, జైసల్మేరు పొడిగాలికి పగులుతుంది. నేనోసారి ఎండలో కారులో వదిలేస్తే జిగురు కరిగి, తీగలు కట్టే బ్రిడ్జి లేచిపోయింది. ఆ తప్పు నాదే. విదేశాలకు తీసుకెళ్లేవారు ఇంకొకటి గమనించాలి: బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచి సైటీస్ మొదటి జాబితాలో ఉంది, అనుమతి పత్రాలు లేకుండా సరిహద్దు దాటించకూడదు.

పోయిన సంక్రాంతికి అమ్మాయి మా ఇంటికొచ్చి ఆ గిటారు వాయించింది. వాళ్ల నాన్నకు వచ్చిన మూడు పాటలే. "మావయ్యా, ఇది బ్రెజిలుదైతే ఈపాటికి ఎవరింట్లోనో ఉండేది కదా" అంది. అవునమ్మా అన్నాను.

సెలవు. జైహింద్.