ఆకు రాలిన కుండీ
(చౌల్దారీలో జనవరి నెలలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ బల్ల మీద ఆరు కుండీలు పెట్టాను. ఒక్కదానికీ ఆకు లేదు. సుబేదార్ సాబ్ ఎండిపోయిన మొక్కలు పట్టుకొచ్చాడేమిటని ముందు వరుసలో నవ్వుకుంటున్నారు. నవ్వండి, పర్వాలేదు. ఇవి బతికే ఉన్నాయి. ఆ సంగతి చెప్పడానికే వచ్చాను.

ఇది అండమాన్ నేల ఆర్కిడ్. శాస్త్రీయ నామం యులోఫియా అండమానెన్సిస్. 1872లో రైఖెన్‌బాఖ్ అనే జర్మన్ వృక్ష శాస్త్రవేత్త ఈ పేరు పెట్టాడు. థాయ్‌లాండ్ వైపు కూడా పెరుగుతుంది గాని, పేరు మాత్రం మన ద్వీపాలదే. ఆర్కిడ్ అంటే చెట్టు కొమ్మను పట్టుకుని ఉండేదే అనుకుంటాం. దీని వేళ్లు మట్టిలో, పచ్చటి దుంపలు మట్టి పైన ఉంటాయి. వానలన్నాళ్లూ పొడుగాటి ఆకులు. వానలు వెనక్కి తగ్గాక ఆకులు రాలి, ఎండల్లో దుంప మొదట్లోంచి కాడ లేచి, లేత ఆకుపచ్చ పూలు వరసగా విచ్చుకుంటాయి.

నేను చేసిన తప్పు ముందు ఒప్పుకుంటాను. రిటైరై ఇక్కడ స్థిరపడిన ఏడాది, అడవి అంచున కనిపించిన ఒక గుబురు పెకలించి తెచ్చాను. ఆకులు పండుబారితే కంగారుపడి రెండు పూటలా నీళ్లు పోశాను. నెల తిరక్కుండా దుంపలు కుళ్లిపోయాయి. పక్కింటి పెద్దాయన చూసి, "దానికి లీవు టైమయ్యా, నువ్వు పరేడ్ చేయించావు" అన్నాడు. ఆయనే తన పెరట్లోంచి మూడు దుంపలు ఇచ్చాడు. ఈ ఆరు కుండీలూ వాటి సంతానమే.

ఇక పెంపకం. అడుగున చిల్లులున్న కుండీ తీసుకోండి. అడుగున ఇటుక ముక్కలు, బొగ్గు వేయండి. పైన తోట మట్టి, ఇసుక, ఆకు ఎరువు సమపాళ్లలో కలిపి నింపండి. వేళ్లు మాత్రమే పూడ్చాలి, దుంప పైకి కనబడాలి. సగం పూట ఎండ తగలాలి. ఇక్కడ ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన. కాబట్టి వానాకాలంలో మన పని నీళ్లు పోయడం కాదు, నిలవకుండా చూడటం. కొత్త ఆకు సాగేటప్పుడు పదిహేను రోజులకోసారి పేడ నీళ్లు పలచగా పోస్తే చాలు. ఆకు పండుబారగానే నీళ్లు తగ్గించేయాలి. ఆకు పూర్తిగా రాలాక వారానికోసారి కాస్త తడిపితే సరి.

శత్రువు నత్త. రెండో ప్రపంచ యుద్ధంలో జపానువాళ్లు ఈ దీవులను ఆక్రమించినప్పుడు వచ్చిన ఆఫ్రికా నత్త ఇది. జపానువాళ్లు 1945లో వెళ్లిపోయారు, నత్త పోలేదు. వానాకాలం రాత్రి టార్చి పట్టుకుని గస్తీ తిరిగి ఏరేయాలి, వేరే మందు అక్కర్లేదు. చేతికి తొడుగు మరవకండి.

కొత్త మొలక కనబడగానే గుబురును విడదీయవచ్చు. ఒక్కో ముక్కకు రెండు మూడు దుంపలు ఉంచి, కోసిన చోటు ఒక రోజు నీడలో ఆరబెట్టి నాటండి. విత్తనాలతో మనవల్ల కాదు. ఆ విత్తనం దుమ్ములా ఉంటుంది, అందులో తిండి నిల్వ ఉండదు. అడవి మట్టిలోని ఒక బూజు తోడుంటేనే మొలుస్తుంది. అందుకే అడవిలో ఒక్క గుబురు పెకలిస్తే, ఆ ఖాళీ మళ్లీ నిండడానికి ఏళ్లు పడుతుంది. నేను తీసిన చోట నేటికీ మొలవలేదు. ఏటా వెళ్లి చూసి వస్తుంటాను.

కనుక ఒకటే విన్నపం. కావాలంటే పొరుగింటి పెరట్లో అడగండి, అడవిలోది మాత్రం ముట్టుకోవద్దు. ఈ ఆరు కుండీలూ ఈ రోజు ఎవరు అడిగితే వారికే. షరతు ఒక్కటే: దుంపలు పెరిగాక ఇంకొకరికి మూడు ఇవ్వాలి. ఆకు లేదని పారేయకండి, మార్చి దాకా ఓపిక పట్టండి.

జై హింద్.