కుషన్లతో తేలిన లెక్క: బోస్టన్ సింఫనీ హాల్ కథ

ఇవాళ అమెరికాలోని బోస్టన్ సింఫనీ హాల్ గురించి మాట్లాడుకుందాం. శబ్దం ఎలా వినిపించాలో ముందే లెక్కేసి కట్టిన హాలుగా దీనికి పేరు. 1900లో ఓపెన్ అయింది.

కొత్త ఇంట్లో సామాను సర్దకముందు మాట్లాడితే గొంతు మారుమోగుతుంది కదా? సోఫాలు, పరుపులు వచ్చాక ఆ మోత ఉండదు. గట్టి గోడ శబ్దాన్ని తిప్పికొడుతుంది, మెత్తటి వస్తువు మింగేస్తుంది. కథంతా ఇదే!

1895లో హార్వర్డ్ యూనివర్సిటీ కొత్త లెక్చర్ హాల్లో ఒక మాట అంటే 5.5 సెకన్లు వినిపించేది. పాఠం ఏం అర్థమవుతుంది? బాగుచేసే పని వాలెస్ సేబైన్ అనే 27 ఏళ్ల ఫిజిక్స్ మాస్టారికి పడింది.

ఆయన ఏం చేశాడంటే, పక్క థియేటర్ నుంచి సీట్ల కుషన్లు తెప్పించాడు. రాత్రి ఊరు సద్దుమణిగాక ఆర్గన్ పైపు మోగించి ఆపేవాడు. శబ్దం చెవికి అందకుండా పోవడానికి ఎంత టైమ్ పడుతుందో స్టాప్‌వాచ్‌తో కొలిచేవాడు. కొన్ని కుషన్లు పెంచి మళ్లీ కొలిచేవాడు. మనం కోడ్ డీబగ్ చేసినట్టే, ఒక్కొక్కటీ మార్చి చూడటం!

చివరికి సూత్రం దొరికింది. హాలు ఘనపు మీటర్లను 0.161తో గుణించి, లోపలున్నవన్నీ కలిసి మింగే శబ్దంతో భాగించాలి. చదరపు మీటరు తెరిచిన కిటికీ మింగేది 1 అనుకోండి. 10,000 ఘనపు మీటర్ల హాల్లో మొత్తం 1,000 ఉంటే మోత 1.61 సెకన్లు. హాలు పెరిగితే మోత పెరుగుతుంది, జనం నిండితే తగ్గుతుంది.

బోస్టన్ హాలుకు ఈ లెక్కే వాడారు. చెప్పుల డబ్బా ఆకారం, 75 అడుగుల వెడల్పు, 61 అడుగుల ఎత్తు. జనం నిండితే మోత దాదాపు 1.9 సెకన్లు.

మరి సూత్రం ఉంటే చాలా? చాలదు! 1962లో న్యూయార్క్‌లో ఫిల్‌హార్మోనిక్ హాల్ కట్టారు. డిజైన్ మధ్యలో సీట్లు పెంచడానికి ఆకారం మార్చారు. స్టేజీ మీద వాయించేవాళ్లకే ఒకరిది ఒకరికి సరిగ్గా వినపడలేదు. 1976లో లోపలంతా తీసేసి మళ్లీ కట్టారు. అయినా కుదరక 2022లో ఇంకోసారి!

ఎందుకంటే సూత్రం ఎన్ని సెకన్లో మాత్రమే చెప్తుంది. ఏ వైపు నుంచి వస్తుందో చెప్పదు. బోస్టన్‌లో పక్కగోడలు దగ్గరగా ఉండటంతో, స్టేజీ శబ్దం వెంటనే వాటికి తగిలి రెండు చెవులకీ చేరుతుంది. అందుకే సంగీతం మనల్ని చుట్టేసినట్టుంటుంది.

ఈసారి ఖాళీ హాల్లోకి వెళ్తే ఒక్క చప్పట్లు కొట్టి సెకన్లు లెక్కపెట్టండి. ఎంతొచ్చిందో కామెంట్‌లో చెప్పండి.