మాట ఏ సీటులో ఉన్నదో చూడండి
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి మాట్లాడవలసిన సభలో ఇంగ్లీషు వ్యాకరణం ఏమిటని కొందరు నవ్వుతున్నారు. నవ్వండి. మన సొమ్ము సంగతి తేల్చే కాగితాలు చాలావరకు ఆ భాషలోనే వచ్చాయి గదా!

చిన్నప్పుడు రెన్ అండ్ మార్టిన్ పుస్తకం ముందేసుకొని ఎనిమిది భాషాభాగాలు వల్లించాం: నౌన్, ప్రొనౌన్, అడ్జెక్టివ్, వెర్బ్, అడ్వెర్బ్, ప్రిపొజిషన్, కంజంక్షన్, ఇంటర్జెక్షన్. ఇప్పటి పుస్తకాల్లో ‘ఎ’, ‘ది’, ‘మై’ వంటివాటిని డిటర్మినర్లని వేరే చూపుతున్నారు. చూపనివ్వండి. ఫలానా మాట ఎప్పుడూ ఫలానా భాగమేనని కంఠతా పట్టడంతోనే చిక్కంతా. ఒకే గుమాస్తా ఒక ఏడు ఇన్‌వర్డు సీటు, మరో ఏడు బిల్లుల సీటు చూసినట్లే, మాట వాక్యంలో చేసే పనినిబట్టే దాని భాగం.

మనకెంతో ఇష్టమైన ‘లీవ్’ తీసుకోండి. ‘గ్రాంట్ మీ లీవ్ అండ్ పర్మిట్ మీ టు లీవ్ ది హెడ్‌క్వార్టర్స్’ అని ఎన్నిసార్లు రాశాం! మొదటి లీవ్ మంజూరు కావలసినది, నౌన్. రెండోది మనం చేసే పని, వెర్బ్. అలాగే ‘మంత్లీ పెన్షన్’లో మంత్లీ అడ్జెక్టివ్. ‘పెన్షన్ ఈజ్ పెయిడ్ మంత్లీ’లో అదే అడ్వెర్బ్. చివర ‘లీ’ కనబడగానే అడ్వెర్బని టిక్కు పెట్టే మనవలకు ఈ సంగతి చెప్పండి. ‘ఫ్రెండ్లీ’ కూడా అడ్జెక్టివే.

తెలుగులో ‘రాముడు రావణుని చంపెను’ అన్నా, ‘రావణుని రాముడు చంపెను’ అన్నా చచ్చేది రావణుడే. విభక్తి కాపలా ఉంటుంది. పాత ఇంగ్లీషులోనూ అటువంటి ప్రత్యయాలుండేవి, చాలావరకు రాలిపోయాయి. అందుకే అక్కడ మాట ఉన్న చోటు అంత ముఖ్యం.

ఇక ‘పెండింగ్’. మన మిత్రులొకరికి రిటైరైన కొత్తలో ఒక ఉత్తర్వు వచ్చింది. ‘పెండింగ్ ఫైనల్ ఆర్డర్స్, ప్రొవిజనల్ పెన్షన్ ఈజ్ శాంక్షన్డ్.’ మొదటి మూడు మాటలు చూసి, ‘ఆర్డర్లింకా పెండింగట’ అని నిట్టూర్చి కాగితం పెట్టెలో పెట్టేశారు. నాలుగు నెలలు వడ్డీకి తెచ్చి ఇల్లు నడిపారు. చివరకు కాలేజీలో చదివే వాళ్ళమ్మాయి చదివి, ‘నాన్నగారూ, పెన్షనిచ్చారండీ!’ అంది.

ఆ అమ్మాయి ముందు వెర్బును పట్టుకుంది: ‘ఈజ్ శాంక్షన్డ్’. మంజూరైందేమిటి? ప్రొవిజనల్ పెన్షన్. అక్కడికి సగం పని అయింది. ‘పెండింగ్ బిల్లు’లో పెండింగ్ అడ్జెక్టివ్, తేలని బిల్లు. ఇక్కడ అది ప్రిపొజిషన్, ‘వచ్చేవరకు’ అని అర్థం. తుది ఉత్తర్వులు వచ్చేవరకు తాత్కాలిక పెన్షన్ ఇమ్మని ఆ కాగితం చెబుతున్నది. బకాయి పెన్షన్ తరువాత వచ్చింది గాని, కట్టిన వడ్డీ ఎవరిస్తారు?

వచ్చే నెల సమావేశానికి మీ దగ్గరున్న పాత ఉత్తర్వులు తీసుకురండి. మనవల గ్రామరు నోటుబుక్కులు తెచ్చినా సరే. టీ అయ్యాక కూర్చొని వెర్బులు వెతుకుదాం. సెలవు.