బైబిలులో చేరని పుస్తకములు



నేను నివసించునది హైదరాబాదు పాతనగరములోని బహదూర్‌పురా. మా వీథిలో ముస్లిం కుటుంబములు హెచ్చు. సాయంకాలము మా యింటి యరుగుమీద చేరు మిత్రులలో ఖురానును చక్కగా చదివిన వృద్ధుడొకడున్నాడు. ఆయన యొకనాడు, “మాస్టరుసాబ్, ఈసా ప్రవక్త మట్టితో పక్షిని చేసి ఊదగా, అల్లా అనుజ్ఞచే అది ప్రాణముపోసికొని యెగిరెనని మా ఖురానులో నున్నది. క్రైస్తవుల బైబిలులో ఆ కథ యెచ్చట నున్నది?” అని యడిగెను. బైబిలులో అది లేదంటిని. “అయితే దానిని తీసివేసినవారెవరు?” అనెను.

ఈ ప్రశ్నయే పల్లెలలో మరియొక రూపమున వినబడుచున్నది. మన జిల్లాలలో కతోలికులును ప్రొటెస్టంటులును ప్రక్కప్రక్కనే కాపురముండి, ఒకరి పిల్లను మరియొకరు చేసికొనుచున్నారు. నవంబరు 2వ తేదీన కతోలిక కుటుంబములవారు సమాధులను శుభ్రముచేసి, పూలుంచి, క్రొవ్వొత్తులు వెలిగించి, పోయిన తలిదండ్రుల ఆత్మల కొఱకు ప్రార్థింతురు. ప్రొటెస్టంటు ఇంటినుండి వచ్చిన కోడలు, “చనిపోయినవారికై ప్రార్థింపుమని బైబిలులో లేదు గదా” యనును. అత్తగారు, “మా బైబిలులో నున్న”దనును. ఇద్దఱు చెప్పినదియు సత్యమే. కోడలి బైబిలులో 66 పుస్తకములున్నవి. అత్తగారి బైబిలులో 73. యూదా మక్కబీయుడను సేనాని యుద్ధమున కూలిన తనవారి పాపపరిహారమునకై వెండి ప్రోగుచేసి యెరూషలేమునకు బంపిన కథ మక్కబీయుల రెండవ గ్రంథము 12వ అధ్యాయమున నున్నది. ఆ గ్రంథము కోడలి బైబిలులో లేదు. తన పెద్దలకై తాను ప్రార్థింపవచ్చునా, కూడదా యను మాట యొక పుస్తకము ఉండుట, లేకుండుటపై నాధారపడినప్పుడు, ఆ పుస్తకమును ఎవరు విడిచిరి, ఎందుకు విడిచిరి యని తెలిసికొనుట పండితుల పని మాత్రమే కాదు.

మొదట ఒక భ్రమను తొలగింపవలెను. బైబిలు ఆదినుండియు ఒకే అట్టలో కుట్టబడిన గ్రంథము కాదు. మన పూర్వుల యిండ్లలో అటకమీద తాటాకుల కట్టలుండెడివి గదా. ఒక కట్టలో విరాటపర్వము, మరియొక దానిలో గజేంద్రమోక్షము. రామాయణము చదువువారిలో ఉత్తరకాండము కొందఱి కున్నది, కొందఱికి లేదు. మొల్ల తన రామాయణమును యుద్ధకాండముతో ముగించినది. తిక్కన ఉత్తరరామాయణమును వేరుగ రచించెను. మొల్ల ఉత్తరకాండమును “తీసివేసిన”దని మన మనము. బైబిలు పుస్తకములును అట్లే వేర్వేరు చుట్టలుగ ఊరూర తిరిగినవి. ఏ సంఘమున ఏ చుట్టను ఆదివారమున నిలుచుండి పైకి చదివెడివారో, ఆ సంఘమున కదియే వేదము.

ఇక మట్టిపిట్టల కథ. యేసు ఐదేండ్ల ప్రాయమున, విశ్రాంతిదినమున, మట్టితో పండ్రెండు పిచ్చుకలను చేసి చప్పట్లు చఱవగా అవి యెగిరిపోయెనని తోమా పేరిట నున్న బాల్యసువార్తలో గలదు. ఇది క్రీ. శ. రెండవ శతాబ్దమునాటి రచన యని పండితుల మతము. ఇంచుమించు ఇట్టి కథయే ఖురానులోను గలదు. అది మా మిత్రునికి దైవవాక్యము. ఆ విషయమున వాదించుటకు నే నెవడను? కాని ఆ బాల్యసువార్తలో పిచ్చుకల తరువాత మరియొక కథ యున్నది. వీథిలో పరుగెత్తుచు తన భుజమును తాకిన బాలుని ఆ బాలయేసు శపింపగా, వాడు అక్కడనే పడి మరణించెను! శత్రువులను ప్రేమింపుమని చెప్పిన గురువును గూర్చి ఈ కథ విన్నవా రెట్లు నమ్ముదురు? దీనిని వేదమని చదువకపోవుటకు ఏ రాజాజ్ఞయు అక్కఱలేదని నా యభిప్రాయము.

నాటి పెద్ద లిట్టి విషయములను ఎట్లు తేల్చెడివారో తెలుపు వృత్తాంతమొకటి గలదు. సుమారు క్రీ. శ. 190వ సంవత్సరమున సిరియాదేశపు అంతియొకయ నగరమున సెరాపియోనను బిషపుండెను. ఆయన రోస్సు అను ఊరికి పోగా, అచ్చటివారు పేతురు పేరిట నున్న సువార్తను చదువుకొందుమని కోరిరి. ఆయన దానిని తాను చదువకయే, “చదువుకొనుడు” అని చెప్పివచ్చెను. పిమ్మట ఆ పుస్తకమును ఎరవు తెప్పించుకొని చదివి, అందు మంచియే హెచ్చుగ నున్నను కొన్ని మాటలు వెలుపలినుండి చేర్చినవని గుర్తించి, ఇచ్చిన యనుమతిని వెనుకకు దీసికొనెను. ఆసియాలో మరియొక పెద్ద, పౌలునిపై ప్రేమచే, పౌలు చరిత్ర యను కథను తానే కల్పించి వ్రాసితినని యొప్పుకొని, పదవి కోల్పోయెనని తెర్తుల్లియనను గ్రంథకర్త వ్రాసియున్నాడు. ప్రేమచే వ్రాసినను, వ్రాసినవాడు ఆ కాలమున లేనివాడైనచో దానిని సాక్ష్యముగ గొనరాదని వారి నియమము. మన పంచాయితీలోనైనను, కంటితో చూచినవాని మాటకు, విని చెప్పినవాని మాటకు నడుమ భేదము చూపుదుము గదా.

విడువబడిన పుస్తకములలో మన దేశమునకు సంబంధించినదియు నొకటి గలదు. దానియం దెవరికైనను కుతూహలము కలుగవలసినదే. అది తోమా చరిత్ర. మద్రాసు పోయినవారు మైలాపూరున తోమా సమాధిపై కట్టిన దేవాలయమును చూచియుందురు. ఈ గ్రంథము మూడవ శతాబ్దమున సిరియా భాషలో వ్రాయబడినది. అందు తోమా వడ్రంగిగ హిందూదేశమునకు అమ్మబడి వచ్చును. గుండఫర రాజు తనకు కోట కట్టుమని ద్రవ్య మియ్యగా, తోమా దానినంతయు బీదలకు పంచిపెట్టును. రాజు కోపించి చెఱలో వేయించును. అంతలో రాజు తమ్ముడు చనిపోయి, పరలోకమున తోమా కట్టిన కోటను కన్నులార చూచి, మరల బ్రదికి వచ్చి అన్నతో చెప్పును. చిరకాలము ఈ గుండఫరుడు కల్పితుడని తలచిరి. 19వ శతాబ్దమున ఆఫ్ఘను దేశమునను పంజాబునను అతని నాణెములు బయల్పడినవి, క్రీ. శ. మొదటి శతాబ్దమున అతడు నిజముగ రాజ్యమేలినవాడే. అయినను ఆ గ్రంథము బైబిలులో చేరలేదు. రాజు నిజమైనంతమాత్రమున కథయంతయు నిజము కానేరదు. పైగా అందు తోమా ఒక పెండ్లికి పోయి, ఆ రాత్రియే నూతన దంపతులు కాపురమును మానునట్లు బోధ జరుగును. భార్యాభర్తలు కలసి యుండుటయే దోషమను ఆ మాటను గృహస్థుల సంఘము అంగీకరింపలేదు. పుస్తకము నశింపలేదు, నేటికిని చదువుటకు లభించుచున్నది.

ఇప్పుడు చేతి ఫోనులలో వచ్చు ఒక మాటను గూర్చి చెప్పెదను. క్రీ. శ. 325లో కాన్‌స్టంటైను చక్రవర్తి నికేయలో సభ చేసి, తనకు నచ్చని సువార్తలను తగులబెట్టించెనని చెప్పుదురు. 2003లో వెలువడిన యొక ఆంగ్ల నవల ఈ మాటను లోకమెల్ల ప్రచారము చేసినది. నికేయ సభ చేసిన 20 నియమములు నేటికిని నిలిచియున్నవి. వానిలో పుస్తకముల పట్టికయే లేదు. వారు తర్కించినది కుమారుడగు క్రీస్తు తండ్రితో సమానుడా, కాడా యనియు, పునరుత్థాన పండుగ ఏ దినమున చేయవలెననియు. క్రైస్తవ గ్రంథములను తగులబెట్టుమని యాజ్ఞ యిచ్చిన చక్రవర్తి డయోక్లీషియను, అది 303లో. క్రొత్త నిబంధనలోని 27 పుస్తకములను, అన్నియు, అవి మాత్రమే, పేర్కొనిన పట్టిక 367లో ఐగుప్తు బిషపు అతనాసియసు వ్రాసిన పండుగ లేఖలో మనకు మొదట కనబడుచున్నది. సంఘములు అప్పటికే రెండువందల యేండ్లుగ నాలుగు సువార్తలను చదువుచుండెను. అదే ఐగుప్తున 1945లో పొలమునకు ఎరువుమన్ను త్రవ్వు రైతులకు నాగ్ హమ్మాది యను చోట ఒక కూజాలో ప్రాచీన గ్రంథములు దొరకినవి. తోమా పేరిట నున్న మరియొక సువార్త అందు గలదు. ఎవరో భయముచేతనో, భక్తిచేతనో భద్రముగ పాతిపెట్టిరి.

ఇక అత్తాకోడండ్ర తగవునకు వత్తము. అది క్రొత్త నిబంధనను గూర్చినది కాదు. పాత నిబంధనను గూర్చినది. క్రీస్తునకు పూర్వమే అలెగ్జాండ్రియాలోని యూదులు తమ వేదమును గ్రీకున చదువుచుండిరి. తోబీతు, యూదితు, సొలోమోను జ్ఞానగ్రంథము, సీరా, బారూకు, మక్కబీయులు రెండు — ఈ యేడును గ్రీకు ప్రతులలో నుండెను. హెబ్రీ పట్టికలో లేవు. తొలి క్రైస్తవులు గ్రీకు చదివినవారు గనుక వానిని గూడ చదివిరి. నాలుగవ శతాబ్దము చివర లాటినులోనికి బైబిలును తెచ్చిన జెరోము, హెబ్రీలో లేనివానిని సిద్ధాంతమునకు ప్రమాణముగ గొనరాదనెను. ఆయన సమకాలికుడు అగస్టీను, సంఘము చదువునవి గనుక ప్రమాణమే యనెను. ఇద్దఱును మహాత్ములే, తగవు తీఱలేదు. వేయిన్ని నూఱేండ్లకు పైబడిన పిమ్మట జర్మనీలో మార్టిన్ లూథరు తన 1534 బైబిలులో వీనిని రెండు నిబంధనల నడుమ వేఱుచేసి, చదువుటకు మంచివే గాని వేదముతో సమానములు కావని పైన వ్రాసి ముద్రించెను. పోయినవారికై చేయు పూజలను గూర్చిన వివాదమున మక్కబీయుల గ్రంథమును ఆధారముగ చూపుచుండిరను సంగతి ఇచ్చట మఱువరాదు. దానికి బదులుగ 1546లో ట్రెంటు సభలో కతోలికులు అవి వేదమే యని శాసించిరి.

ఒక్కమాట గమనింపుడు. లూథరు వానిని వేఱుచేసెను గాని అచ్చువేయక మానలేదు. 1611 నాటి ఆంగ్ల బైబిలులోను అవి యున్నవి. మన దక్షిణదేశమున తరంగంబాడిలో లూథరు మతస్థులే అచ్చువేసిన అరవ బైబిలులో సైతము 1728లో అవి చేరినవి. దానిని పూర్తిచేసిన బెంజమిన్ షుల్జ్ తరువాత మద్రాసున తెలుగు నేర్చి బైబిలును తెలిగించెను; అది అచ్చునకు నోచుకొనలేదు. మఱి మన తెలుగు బైబిలున ఆ పుస్తకములు ఎందుకు లేవు?

దీనికి కారణము లండనులోని ధనపు లెక్క. 1804లో అచ్చట బ్రిటిషు విదేశీ బైబిలు సంఘము ఏర్పడి, అన్ని భాషలలో బైబిలును చౌకగ ముద్రించుటకు చందాలు వసూలు చేసెను. ఐరోపాలో కొన్ని దేశములవారు ఆ యేడు పుస్తకములు లేని బైబిలును కొన నొల్లరు గనుక వానిని చేర్చి ముద్రించుటకును ఈ ధనము పోవుచుండెను. స్కాట్లండు చందాదారులు, “వేదము కానిదానికి మేమిచ్చిన సొమ్మా?” యని తిరుగబడిరి. కొన్నియేండ్లు కలహము జరిగి, 1826లో ఆ పుస్తకములు చేరిన ఏ బైబిలునకును కాసైన నియ్యరాదని సంఘము తీర్మానించెను. అప్పటికి మన తెలుగు బైబిలు శైశవమున నున్నది. విశాఖపట్టణమున డెగ్రాంజి దొర ఆనందరాయరను తెలుగు పండితుని సాయముతో తెలిగించిన మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చయినవి. సంపూర్ణమగు బైబిలు 19వ శతాబ్దపు మధ్యమునకు గాని రాలేదు. మద్రాసున 1820లో ఏర్పడిన శాఖద్వారా ఆ పనిని పోషించినది ఆ బైబిలు సంఘమే. ఆ మిషనరీలలో పెక్కుమందికి ఆ పుస్తకములపై నెట్లును ఆదరము లేదనుట నిజమే. అయినను లూథరువలె వేఱుగ నైనను అచ్చువేయు త్రోవ అప్పుడే మూసికొనిపోయినది. స్కాట్లండు చందాదారుల పట్టుదలవలన, వానిని వేదమనవలెనా, కూడదా యని చూచి నిర్ణయించు నవకాశమైనను మన పాఠకులకు లేకపోయెను. ఇది న్యాయముగ నా కగపడదు.

1968లో బైబిలు సంఘములును రోమా సంఘమును కలసి అనువాదములు చేయుటకు నియమములు వ్రాసికొనినవి. 1947 మొదలు మృతసముద్రపు గుహలలో దొరకిన చుట్టలలో తోబీతు అరమాయికు భాషలో నాలుగు ప్రతులు, హెబ్రీలో నొకటి బయల్పడినవి. “ఇది గ్రీకు పుస్తకమే” యను పాత వాదము అంతమేరకు బలహీనమైనది. ఇప్పుడు కతోలికుల తెలుగు బైబిలులో ఏడు పుస్తకములును లభించుచున్నవి.

కోడలికిని అత్తగారికిని ఇష్టమైనచో, ముందుగ తోబీతు చదువవచ్చును. పదునాలుగే అధ్యాయములు. తోబీతు పరదేశమున, రాజు నిషేధించినను, దిక్కులేని తనవారి శవములను రాత్రివేళ పాతిపెట్టుచుండును. గ్రుడ్డివాడైన ఆయన తన కొడుకును దూరదేశమునకు బంపును. పిల్లవాడు కొంతదూరము పోవునప్పటికి, ఇంటి కుక్కయు వెంట బడి నడచుచుండును.