గాజు సీసాలో కడుపు



తోటకూర తినండి, అందులో ఇనుము ఉంది అని నర్సమ్మ చెబుతుంది. ఒంట్లో రక్తం పట్టాలంటే ఇనుము కావాలి. నిజమే. కానీ కూరలో ఉన్న ఇనుమంతా ఒంటికి పట్టదు. చాలా భాగం అలాగే బయటికి పోతుంది. మరి పట్టేది ఎంత? కడుపు కోసి చూడలేం కదా!

హైదరాబాదులో, తార్నాక దగ్గర, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. మనం తినే తిండి మీద అక్కడ పరిశోధనలు చేస్తారు. అక్కడి శాస్త్రవేత్తలు బి.ఎస్. నరసింగరావు, టి. ప్రభావతి ఒక ఉపాయం కనిపెట్టారు. గాజు సీసానే కడుపుగా చేశారు. ఆ సంగతి 1978లో ప్రకటించారు.

మన కడుపులో ఏముంది? ఆమ్లం ఉంది. పుల్లని తేన్పు వస్తే గొంతు మండేది దానివల్లే. పెప్సిన్ ఉంది. అది పప్పులో, గుడ్డులో ఉండే మాంసకృత్తులను ముక్కలు చేస్తుంది. ఒంటి వేడి ఉంది. కవ్వంతో చిలికినట్టు కదలిక ఉంది.

సీసాలోనూ ఇవే. తిండిని మెత్తగా నూరి వేస్తారు. ఆమ్లం, పెప్సిన్ కలుపుతారు. ఈ పెప్సిన్‌ను పందుల కడుపు నుంచి తీస్తారు. 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో సీసాను గంటన్నర సేపు ఊపుతూ ఉంచుతారు. తర్వాత ఆమ్లాన్ని విరిచేస్తారు. కడుపు దాటి చిన్న పేగులోకి వెళ్లాక ఆ పులుపు విరిగిపోతుంది కాబట్టి. ఇనుము ఒంట్లోకి చేరేది ఆ పేగులోంచే. ఇక వడకడతారు. పిప్పిలో ఉండిపోయిన ఇనుము దండగ. వడగట్టిన నీళ్లలో కరిగి, విడిగా ఉన్నదే లెక్క. ఒక మందు కలిపితే ఆ నీళ్లు ఎర్రబడతాయి. ఇనుము ఎక్కువైతే ఎరుపూ ఎక్కువే.

మరి సీసా చెప్పింది నిజమేనా? మనుషుల ఒంటికి ఎంత పట్టిందో ఆ లెక్కలతో పోల్చి చూశారు. రెండూ దాదాపు ఒకే తీరుగా ఉన్నాయి. కాకపోతే ఆ లెక్కలు మగవాళ్లవి. రక్తం తక్కువయ్యేదేమో ఎక్కువగా ఆడవాళ్లకు! పైగా, ఒంట్లో ఇనుము తగ్గితే పేగు కాస్త ఎక్కువ లాక్కుంటుంది. సీసాకు ఆ తెలివి లేదు. ఏ తిండి మేలో అది చెబుతుంది. ఎవరికి ఎంత పడుతుందో చెప్పలేదు.

టీ సంగతి చూడండి. టీలోని వగరు ఇనుమును పట్టేసుకుంటుంది, కరగనివ్వదు. నిమ్మ, ఉసిరి, జామల్లో ఉండే సి విటమిన్ కరిగేలా చేస్తుంది. కూర దించాక నిమ్మకాయ పిండుకోవాలి. పొయ్యి మీద ఉండగా పిండితే వేడికి ఆ విటమిన్ చాలావరకు పోతుంది. టీ మానలేకపోతే అన్నం తిన్న గంట తర్వాత తాగవచ్చు. ఐరన్ మాత్రను మాత్రం టీతో మింగకూడదు, మంచినీళ్లతోనే.