ఐదుగురు సాధువుల రాయి

ఇవాళ మన కొండల సంగతి కాదు, చాలా దూరపు కొండల సంగతి చెబుతాను.

బ్రిటన్‌లో పడమటి వైపు వేల్స్ ఉంది. అక్కడివాళ్లకు ఇంగ్లీషు కాక వెల్ష్ అనే సొంత భాష ఉంది. కోథి నది దగ్గర పిమ్‌సైంట్ అని చిన్న ఊరు. వెల్ష్‌లో ఆ పేరుకు 'ఐదుగురు సాధువులు' అని అర్థం. ఊరి పక్కనే డొలైకోథి బంగారు గనులు.

గనుల దగ్గర ఒక రాయి నిలబెట్టి ఉంది. దాని పక్కలకు గుంటలు. ఐదుగురు సాధువులు వడగళ్ల వానలో చిక్కుకుని ఆ రాతికి తలలు ఆనించి పడుకున్నారట, తలలు ఆనిన చోట గుంటలు పడ్డాయట. తర్వాత ఒక మంత్రగాడు వాళ్లను గుహలోకి చేర్చాడు, ఇప్పటికీ నిద్రలోనే ఉన్నారు. ఇదీ ఊరి కథ.

పరిశోధకులు ఇంకో మాట చెబుతారు. బంగారం ఉన్న రాళ్లను ఈ రాతిమీద పెట్టి, నీటి బలంతో లేచిపడే పెద్ద సుత్తులతో దంచేవారట. ఒక పక్క గుంటపడితే ఇంకో పక్కకు తిప్పేవారు. మన ఇళ్లలో రోలు అరిగినట్టే అనుకోండి.

మొదటి శతాబ్దంలో రోమన్లు వేల్స్‌ను గెలిచాక ఇక్కడ పెద్ద ఎత్తున తవ్వించారు. కోథి నది నుంచి సుమారు 11 కిలోమీటర్ల కాలువ తీశారు. కొండమీద చెరువులు కట్టి, నీరు నిండాక ఒక్కసారిగా వదిలేవారు. పైమట్టి కొట్టుకుపోయి కింద రాతిలోని బంగారు చార బయటపడేది. లోతు గనుల్లో ఊరే నీటిని చెక్క చక్రాలతో తోడేవారు. అలాంటి చక్రం ముక్క ఒకటి 1935లో దొరికింది. గనులు 1938లో మూతపడ్డాయి.

ఇక్కడ దొరికిన పాతకాలపు బంగారు నగలు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ రాయి దగ్గర దంచినవాళ్ల పేరు ఒక్కటీ ఎక్కడా లేదు. వాళ్ల చెమట గుర్తుగా మిగిలిన రాతిని ఊరివాళ్లు, అది దేనికి వాడారో మరచిపోయినా, కథ చెప్పుకుంటూ కాపాడారు. నాకు ఇదే గొప్పగా అనిపిస్తుంది.

గ్వెన్నో అనే పిల్ల కథ కూడా ఉంది. లోపలికి పోవద్దన్న హద్దు దాటి గుహలోకి వెళ్లింది, తిరిగి రాలేదు. అక్కడి ఒక బండకు ఆమె పేరే పెట్టారు. పాత గనిలోకి పిల్లల్ని పోనివ్వకుండా ఉంచడానికి ఇంతకన్నా మంచి బోర్డు ఉంటుందా?

మన వైపు బండమీద గుంట కనిపిస్తే భీముడి మోకాలి గుర్తు అంటారు. చిన్నప్పుడు నేను నవ్వేవాణ్ణి. ఇప్పుడు నవ్వను, ఆగి చూస్తాను. మీ ఊళ్లో అలాంటి రాయి ఉంటే ఫొటో తీయండి. దాని కథ అవ్వాతాతల గొంతులోనే, మన భాషలోనే, ఫోన్‌లో రికార్డు చేయండి. వచ్చే పండగకు తెస్తే డప్పులు మొదలవకముందే అందరం కూర్చుని విందాం.