మాయా నగరములకు బస్సు ప్రయాణము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరినందులకు కృతజ్ఞుడను. నేను పండితుడను గాను, వక్తను గాను. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పుకొనువాడను. గ్రంథాలయోద్యమ చరిత్ర నాకంటె బాగుగ చెప్పగల పెద్దలు ఈ వేదికపై నున్నారు. నేను ఈ గ్రంథాలయము నన్నెంత దూరము తీసికొనిపోయినదో మాత్రము మనవి చేసికొందును.

ఈ గ్రంథాలయము తెరచిన మొదటి సంవత్సరమున దాతలిచ్చిన పాత పుస్తకముల పెట్టెలో అట్ట లేని బొమ్మల పుస్తక మొకటి నాకు దొరికినది. దట్టమైన అడవి నడుమ మెట్లు మెట్లుగ ఆకాశమునకు లేచిన రాతి గోపురము బొమ్మ అందులో నుండెను. మెక్సికో దేశమున మాయా జాతివారు కట్టినదని క్రింద వ్రాసియున్నది. మాయ యనగానే మనకు మయసభయు, మయుడును స్ఫురించుట సహజము. ఆ మాటకును ఈ మాటకును సంబంధము లేదు. మాయా యనునది ఆ జాతివారి పేరు, వారి భాష పేరు. వారు నేటికిని లక్షల సంఖ్యలో ఆ దేశములందు జీవించియున్నారు. ఈ సంగతి అప్పుడు నాకు తెలియదు. ఆ గోపురము నొకనాడు చూడవలెనను కోరిక మాత్రము మనసున నాటుకొనినది.

2019 సంవత్సరము ఫిబ్రవరిలో ఆ కోరిక తీరినది. అమెరికాలో నున్న మా తమ్ముడు నన్ను తన యింటికి రప్పించెను. అమెరికా వీసా చేతిలో నున్న భారతీయునకు మెక్సికోకు వేరుగ వీసా అక్కరలేదని తెలిసి, పదునాలుగు దినములు అచ్చట తిరిగి వత్తునంటిని. తమ్ముడు విహారయాత్రల వారి పథక మొకటి చూపెను. వారడిగిన సొమ్ము నా మూడు నెలల జీతము. “అన్నయ్యా, నేను కట్టెదను” అని వాడనెను. “వద్దురా, అక్కడి జనులు ఏ బస్సెక్కుదురో నేనును అదే యెక్కెదను” అని, ఒక సంచి, రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, అమ్మ పంపిన కారప్పొడి డబ్బాతో బయలుదేరితిని.

తక్కువ ఖర్చుతో పోదలచువారికి పనికివచ్చు సంగతులు కొన్ని చెప్పెదను. ఆ దేశమున బస్సులు మూడు తరగతులుగ నున్నవి. మొదటి తరగతి బస్సులు దూర నగరములకు పోవును. సీటు నంబరుండును, ముందుగ కొనినచో పలుమారులు టిక్కెట్టు చౌకగ వచ్చును. రాత్రి బస్సెక్కినచో బస ఖర్చు మిగులును. కాని లోపల చలియంత్రము తెల్లవార్లు నడచును గావున దుప్పటి లేనివాడు వణకవలసినదే. రెండవ తరగతి బస్సు మన పల్లెవెలుగు వంటిది. చేయెత్తిన చోట నాగును. మూడవది కొలెక్తీవో యను చిన్న వ్యాను. అచ్చముగ మన షేరు ఆటోయే. నిండినగాని కదలదు. దానికి కాలపట్టిక వెదకుట వృథా. తొందరపడక కూర్చుండుటయే ఉపాయము.

తిండికి మొక్కజొన్న రొట్టెలు, నల్ల చిక్కుడుగింజల కూర ఎచ్చటనైనను దొరకును. శాకాహారులు ఆ గింజలలో పందికొవ్వు వేసిరేమో అడిగి తినవలెను. మొక్కజొన్నను సున్నపు నీట ఉడికించి, కడిగి, రుబ్బి రొట్టె చేయుట అచ్చటి ప్రాచీన పద్ధతి; అందువలన ధాన్యములోని పోషకము దేహమునకు బాగుగ పట్టును. మన మిరపకాయ, మొక్కజొన్న, జామపండు, సీతాఫలము, బొప్పాయి, ఇవన్నియు అమెరికా ఖండమునుండియే మనకు వచ్చినవి. పూటకూళ్ళ యింట నేను కారప్పొడి డబ్బా తెరవగా, ఆ యింటి యజమానురాలు తన హబనేరో మిరప పచ్చడిని నా ముందుంచి నవ్వినది. ఒక్క చుక్కతో నా కన్నులు చెమర్చినవి. కారము పుట్టినింటికే కారము మోసికొని పోయితినని అప్పుడు తెలిసినది.

వయ్యదోలిద్ అను చిన్న పట్టణమున బస చేసి, తెల్లవారగనే కొలెక్తీవోలో సుమారు నలువది కిలోమీటర్లు పోయి, తలుపులు తెరచు వేళకు చిచెన్ ఇత్సా చేరితిని. పెద్ద బస్సులలో వచ్చు యాత్రికులు పదిగంటలకుగాని రారు గావున ఆ రెండు గంటలు నిశ్శబ్దముగ చూడవచ్చును. నా బాల్యమున చూచిన బొమ్మ అదియే! నాలుగు దిక్కుల నాలుగు సోపానములు. ఒక్కొక్క దానికి 91 మెట్లు. పై వేదికతో కూడి 365. సంవత్సరమునందలి దినముల సంఖ్య అది. లెక్కల మాస్టరునకు ఇంతకంటె వేరు స్వాగత మేమి కావలెను? మెట్లెక్కుట నిషేధించినారు, క్రిందనుండియే లెక్కపెట్టుకొంటిని.

ఈ జాతివారు అంకెలను ఇరువదుల చొప్పున లెక్కించిరి. చుక్క ఒకటి, గీత అయిదు, గవ్వ వంటి గుర్తు సున్న. సున్నను స్థానమున కుంచి లెక్క వ్రాయుట మన దేశమువలెనే వారును స్వయముగ కనుగొనిరి. శుక్రుడు మరల పూర్వస్థానమున కనబడుటకు 584 దినములు పట్టునని, అట్టివి అయిదు చుట్లు ఎనిమిది సంవత్సరములకు సరిపోవునని గ్రంథస్థము చేసిరి. 584ను అయిదుతోను, 365ను ఎనిమిదితోను గుణించి చూడుడు. రెండును 2920 అగును. మా బడిపిల్లలకు ఈ లెక్క ఇచ్చినపుడు వారి కన్నులలో మెరసిన వెలుగును నేను మరువలేను.

గ్రంథస్థము చేసిరంటిని గదా, ఆ గ్రంథము లేమైనవి? దాని కొరకే యాత్రికులు అంతగ పోని మని అను ఊరికి పోయితిని. మెరిదా నగరమునుండి దక్షిణముగ సుమారు నూరు కిలోమీటర్లు; రెండవ తరగతి బస్సు. నా ప్రక్కన పూలు కుట్టిన తెల్లని వస్త్రము ధరించిన వృద్ధురా లొకతె, ఆమె మనుమడు కూర్చుండిరి. ఆమె నన్ను చూచి “బిష్ అ బేల్” అన్నది. మనుమనికి కొంచెము ఇంగ్లీషు వచ్చును. అది మాయా భాషలో కుశలప్రశ్న యనియు, “నీ త్రోవ ఎట్లున్నది?” అని దాని మాటకు మాట అర్థమనియు చెప్పెను. “మాలోబ్”, అనగా బాగున్నది, అని నేను బదులు పలుకగా ఆ అవ్వ మురిసిపోయినది. కాని ఆమె మనుమనితో మాయా భాషలో మాటాడినంతసేపు, ఆతడు స్పానిషులోనే బదులిచ్చుచుండెను. 2020 జనగణనలో ఆ భాష మాటాడువారు మెక్సికోలో సుమారు 7,70,000 మంది. సంఖ్య చిన్నది కాదు. అయినను ఆ బస్సులోని ప్రశ్న ఒక భాషలోను, జవాబు మరియొక భాషలోను ఉండుట నా మనసును కలచినది. మన పిల్లలను తలచుకొంటిని.

మనిలో పాత క్రైస్తవ మఠము, దాని ముందు విశాలమైన బయలు కలవు. 1562 జూలై 12వ తేదీన దియెగో దె లాండా అను మతాచార్యుడు ఆ ఊరిలో మాయావారి గ్రంథములను గుట్టగ పోయించి నిప్పు పెట్టించెను. మఱ్ఱి జాతి చెట్టు బెరడుతో చేసిన కాగితమునకు సున్నపు పూత పూసి, విసనకఱ్ఱవలె మడతలుగ మడచిన పుస్తకములవి. అవి కాలుట చూచి జనులు మిక్కిలి దుఃఖించిరని లాండాయే తరువాత వ్రాసెను. మొత్తము మీద నేడు ప్రపంచమున మిగిలిన మాయా గ్రంథములు నాలుగే. అందొకటి 1859లో పారిసు గ్రంథాలయమున చెత్తబుట్టవంటి దానిలో కనబడినది. మరియొక దానిని 1739లో డ్రెస్డెను నగరపు గ్రంథాలయాధికారి కొని భద్రపరచెను. ఆ గ్రంథాలయమునకే అధికారియైన ఫోర్స్టెమన్ 19వ శతాబ్దాంతమున దానిముందు కూర్చుండి, శుక్రుని లెక్కను, పంచాంగమును విడదీసెను. సోదరులారా, అది ఒక గ్రంథపాలకుని పని యని గమనింపుడు.

ఆ మఠము ముందు ఎండలో నిలుచుండగా నాకొక సంగతి జ్ఞప్తికి వచ్చినది. ఇంతవరకు ఎవరితోను చెప్పలేదు. 2003 గోదావరి పుష్కరములలో మా తాతగారి తాటాకుల కట్టను మా నాయనగారును నేనును పసుపు కుంకుమ లుంచి నదిలో విడిచితిమి. చదువరాని తాటాకులు ఇంటనుండరాదని, గంగ పాలు చేయుట పుణ్యమని ఎవరో చెప్పిరి. త్రాడు విప్పినవాడను నేనే. ఆకులు కొంతసేపు నీటిపై తేలి, పిదప కనబడలేదు. వానిలో వైద్యమున్నదో, కవిత్వమున్నదో, వడ్ల లెక్కలున్నవో ఇక ఎవరికిని తెలియదు. ఆ సంవత్సరము ఫిబ్రవరిలోనే వ్రాతప్రతుల రక్షణకు జాతీయ పాండులిపి మిషన్ అను సంస్థను భారత ప్రభుత్వము నెలకొల్పినదని నేను పదునారేండ్ల తరువాత తెలిసికొంటిని. లాండా వైరముతో కాల్చెను. మేము భక్తితో వదలితిమి. పోయిన గ్రంథమునకు ఈ తేడా పనికిరాదు.

లాండా చేసిన మరియొక పని కలదు. ఒక మాయా లేఖకుని పిలిచి “అ, బె, సె” అని స్పానిషు అక్షరముల పేర్లు చదువుచు, వానిని మీ లిపిలో వ్రాయుమనెను. లేఖకుడు తనకు వినబడిన ధ్వనులనే వ్రాసెను. ఏదైన వాక్యము వ్రాయుమనగా “మా ఇన్ కతి” అని వ్రాసెను. “నాకిష్టము లేదు” అని దాని అర్థము! ఆ కాగితము మూడు వందల సంవత్సరములు మూలబడి 1862లో మద్రిదులో బయటపడినది. 1952లో లెనిన్‌గ్రాదులో యూరి క్నోరోజొవ్ అను యువకుడు ఆ గుర్తులు ఒంటి హల్లులు కావు, అచ్చుతో కూడిన అక్షరములని కనుగొనెను. తెలుగువారికి ఇది సులభముగ బోధపడును. మనకు క, కి, కు అని గుణింతమున్నట్లే వారికిని కలదు. కాని మనకు గుడి, కొమ్ము చేర్చిన చాలును. వారికి ప్రతి దానికిని వేరు రూపము. వారి మాటలు తరచు హల్లుతో ముగియును గావున చివరి అచ్చును వ్రాసి పలుకక విడుతురు. కు, ట్సు అని వ్రాసి కుట్స్ అని చదివిన టర్కీకోడి. ట్సు, లు అని వ్రాసి ట్సుల్ అని చదివిన కుక్క. ఆ గుర్తుల వెంట ఆ జంతువుల బొమ్మలే యుండెను. క్నోరోజొవ్ ఆ శిథిలములను కన్నులార చూచినది 1990లో గాని కాదు. చదువుట ముందు, చూచుట తరువాత!

అదే 1952లో పలెంకె యను నగరమున ఆల్బెర్తో రూస్ ఒక గుడి నేలరాతి క్రింద దిగుడుమెట్లు కనుగొని, సంవత్సరముల తరబడి పూడిక తీయించి, అడుగున పకల్ రాజు సమాధిని చూచెను. మెరిదానుండి రాత్రి బస్సులో ఎనిమిది గంటలు ప్రయాణించి ఆ గుడి చూచితిని. ప్రక్కన కొండ, అడవి, కోతుల అరపులు. ఆ రాజు 12వ ఏట 615లో పట్టమెక్కి 683లో మరణించెనని నేడు చెప్పగలుగుచున్నాము. సమాధిని బయటపెట్టినది పలుగు పార. అందున్నవాని పేరు చెప్పినది అక్షరము. 2023 డిసెంబరులో ఆ ప్రాంతమున మాయా రైలు కూడ ఆరంభమైనది. అయినను నా సలహా బస్సే. రైలు కిటికీనుండి ఊరు కనబడును. బస్సులో ఊరివారు ప్రక్కన కూర్చుందురు.

ఇక నా విన్నపము. మన ఊరి అటకలమీద తాటాకు కట్టలు, పాత దస్తావేజులు, ఉత్తరములు ఇంకను కలవు. పుష్కరములు మరల వచ్చును. వానిని నీటికీయక ఈ గ్రంథాలయమున కిండు. ఒక బీరువా చాలును. ప్రతి ఆకును మన పిల్లలు సెల్‌ఫోనుతో ఫోటో తీయగలరు. చదువుటకు సహాయము కావలసినచో హైదరాబాదులోను, తిరుపతిలోను వ్రాతప్రతుల గ్రంథాలయములు కలవు.

ఒట్టిచేతులతో ఈ మాట చెప్పుట న్యాయము గాదు. మా మేనమామగారి అటకమీద దొరికిన ఈ కట్టను కార్యదర్శిగారి చేతికి ఇప్పుడు సమర్పించుచున్నాను. ఇందు ముప్పదియొక్క ఆకులున్నవి. చదువుట నాకు రాదు. పోలికపట్టి రెండు మాటలు మాత్రము కూడబలుకుకొంటిని: వడ్లు, పుట్లు. లెక్కల మాస్టరునకు లెక్కలే ముందుగ కనబడినవి కాబోలు. తక్కిన మాటలను ఈ సభలో కూర్చున్న పిల్లలలో ఎవరైన చదివి నాకు వినిపించిన నాడు, నా త్రోవ బాగున్నదని ఆ అవ్వకు మరల బదులు చెప్పినట్లు భావింతును.